లింగం లాన్‌లో గొర్ల మంద

లింగం జీవితంలో వెయ్యని పంట లేదు. జొన్న వేశాడు, కంది వేశాడు, చెరుకు వేసి ఫ్యాక్టరీ గేటు ముందు బండి మీదే పడుకుని రోజులు గడిపాడు. ఎవరో చెప్పారని ఒక ఏడాది చేమంతులు కూడా వేసి పటాన్‌చెరు మార్కెట్లో నవ్వులపాలయ్యాడు. గడ్డి మాత్రం ఎన్నడూ పెంచలేదు. పెంచడం సంగతి అటుంచి, గడ్డి కనబడితే వేళ్ళతో సహా పీకి గట్టు మీద పారేయడమే అతనికి తెలిసిన విద్య. అలాంటి మనిషికి ముసలితనంలో గడ్డిని పచ్చగా చేసి చూపించాల్సిన పరీక్ష వచ్చిపడింది.

సంగతి ఇది. కిష్టారెడ్డిపేటలో లింగానికి ఉన్న ఎనిమిది ఎకరాలూ లేఅవుట్ అయిపోయాయి. అందులోనే ఒక ప్లాటు మిగుల్చుకుని ఇల్లు కట్టారు. ఇంటి ముందు, గేటు దాకా, కాస్త ఖాళీ నేల ఉంది. రెండేళ్ళ కిందట కోడలు హర్షిణి నర్సరీ నుంచి చాపల్లా చుట్టిన గడ్డి తెప్పించి దాని మీద పరిపించింది. వానలున్నంత కాలం అది కన్నులపండువగానే ఉండేది. ఈసారి చలి గట్టిగా పట్టింది, బోరు సన్నగిల్లింది. శివరాత్రి వెళ్ళేసరికి లాన్ మొత్తం ఎండి, కొట్టం మీది పాత కప్పులా తయారైంది.

కొడుకు శ్రావణ్‌కుమార్ బొల్లారంలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు ఇన్‌చార్జి. పనికి కంపెనీ బస్సులో పోతాడు, కొన్న కారేమో వీధిలో ఎండకు మాడుతూ, వచ్చేపోయే ఆటోల చేత గీతలు గీయించుకుంటూ ఉంటుంది. ఒకరోజు అతను ఎండిన గడ్డిని చెప్పుతో గీరి చూసి తేల్చేశాడు.

"నాయినా, ఇగ దీంతోని కాదు. ఎండకాలం తాగనీకే ట్యాంకర్ తెప్పిస్తున్నం, గడ్డికి నీళ్ళు ఏడికెల్లి తేవాలె? పార్కింగ్ టైల్స్ ఏపిస్త. కారన్న లోపట ఉంటది."

మాటలో తప్పేమీ లేదు. అదే లింగాన్ని ఇబ్బంది పెట్టింది. ఇంటికి వెనక బోరు, పక్కన సిమెంటు, పైన స్లాబు. మట్టి కనబడే జాగా అదొక్కటే. పోయిన ఎనిమిది ఎకరాల కోసం అతను ఎవరి దగ్గరా ఏడవలేదు, అమ్మింది తనే కాబట్టి. కానీ పొద్దున లేచి కాళ్ళు మోపడానికి ఇంత నేల కూడా లేకుండా పోతుందంటే మాత్రం అతనికి నిజంగా భయం వేసింది. భయం వేసిందని చెప్పుకోవడం అలవాటు లేదు గనక గొంతు పెంచాడు.

"ఉగాది దాక ఆగు. పచ్చగ చేసి చూపిస్త. కాకుంటే నీ ఇష్టమొచ్చినట్టు ఏపిచ్చుకో."

"సరే, ఉగాది దాక" అన్నాడు శ్రావణ్, ఫోన్ చూసుకుంటూ.

లింగం ఆ రోజే పనిలో దిగాడు. నర్సరీ అతన్ని అడిగి వచ్చాడు కూడా. ఎండిన పొరను దంతెతో గోకి తీసెయ్యాలట, నేలను అక్కడక్కడా గుచ్చి గాలి తగలనివ్వాలట, పైన ఎర్రమట్టీ ఇసకా ఎరువూ కలిపి పల్చగా చల్లాలట. అన్నీ బుద్ధిగా విన్నాడు. ఎరువు దగ్గరకి వచ్చేసరికి మాత్రం పేచీ వచ్చింది. నర్సరీ అతను రంగురంగుల సంచి ఒకటి చూపించాడు. లింగం మూతి విప్పించి, చేయి పెట్టి, పిడికెడు తీసి వాసన చూశాడు. ఏ వాసనా రాలేదు. వాసన లేనిది ఎరువెట్ల అయితదని అడిగి, సంచి మూతి మళ్ళీ తనే కట్టి ఇచ్చేసి వచ్చాడు.

ఊళ్ళో పశువులు లేవు, పెంటకుప్పలు లేవు. గోకిన నేల ముందు కూచుని రెండు పూటలు ఆలోచించాక లింగానికి మంద గుర్తొచ్చింది. పంట కోశాక, మళ్ళీ దున్నే లోపల, చేలో రాత్రిపూట గొర్ల మందను నిలిపేవాళ్ళు. తెల్లారేసరికి నేలంతా పెంటికలు, ఉచ్చ. ఆ ఏడాది జొన్న మనిషెత్తు లేచేది. మంద తన చేలోకి ముందు రావాలని రైతులు గొర్లకాపరుల ఇళ్ళ చుట్టూ తిరిగేవాళ్ళు. ఇంతకంటే మంచి ఎరువు లోకంలో లేదని లింగం నమ్మకం. నమ్మకమేమిటి, కళ్ళారా చూసిందే.

భార్య రాజవ్వ ఈ ఆలోచన విని చేతిలోని చాట కింద పెట్టింది.

"ఇంటి ముంగట గొర్లను తోల్తవా? నీకు మతి ఉన్నదా, పోయిందా?"

"మంచి పంటకు మంద పెట్టాలె. నీకు తెల్వదా?"

"పంటకు. గిది పంటనా?"

లింగం చెవిన వేసుకోలేదు. చిన్నరాములును వెతుక్కుంటూ పోయాడు. చిన్నరాములు కూడా అదే ఊరి మనిషి, తాతల నాటి నుంచి గొర్లు కాసే ఇల్లు. ఇప్పుడు మంద చిక్కి చిన్నదైంది, మేపడానికి చేలు లేవు. బొల్లారం ఫ్యాక్టరీల ప్రహరీ గోడల వెంట, అమ్ముడుపోని ప్లాట్లలో, సర్కారు తుమ్మ చెట్ల కింద తిప్పుతూ కాలం గడుపుతున్నాడు. లింగాన్ని చూసి కర్ర చంకలో పెట్టుకుని నవ్వాడు.

"ఏంది పటేలా, గొర్రె కావాల్నా? ఏం పండుగ?"

"గొర్రె కాదు. నా చేన్ల మంద పెట్టాలె."

చిన్నరాములు ఎగతాళి చేయలేదు. నిజంగా తెలియకే అడిగాడు.

"నీకు చేను ఏడుంది పటేలా?"

లింగానికి తల కొట్టేసినట్టయింది. ఫ్యాక్టరీ గోడ మీది కంపెనీ బోర్డు వైపు ముఖం తిప్పుకున్నాడు.

"ఉన్నంతల పెట్టు" అన్నాడు.

పొద్దుగూకే వేళ మంద లేఅవుట్ రోడ్డు మీదుగా నడిచి వచ్చింది. వాకింగ్ చేస్తున్న వాళ్ళు పక్కకు తప్పుకుని ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. మంద గేటు లోపలికి పోగానే లింగం గొళ్ళెం వేశాడు. గొర్లు ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడ్డాయి, సరిగ్గా సరిపోయింది జాగా. రాజవ్వ గొణుక్కుంటూనే జొన్నరొట్టెలు చేసి, పచ్చిపులుసు పోసి చిన్నరాములుకు పెట్టింది. మంచం వేస్తానంటే వద్దని అతను మంద పక్కనే గొంగడి పరుచుకున్నాడు. లింగం చాన్నాళ్ళ తర్వాత హాయిగా నిద్రపోయాడు.

తెల్లారి లేచి బయటికి వస్తే ఆ వాసన గుప్పున తగిలింది. లింగానికి కడుపు నిండినట్టయింది. నేలంతా నల్లగా, తడిగా, పెంటికలతో నిండి ఉంది. గడ్డి అనేది లేదు. ఎండిన పోచలే కాదు, కింద నుంచి అప్పుడప్పుడే చిగురు పెడుతున్న నాలుగు పచ్చని పోచల్ని కూడా గొర్లు నున్నగా నాకేశాయి. అది అతను లెక్కలోకి తీసుకోలేదు. వేర్లున్నాయి కదా, వస్తుందిలే అనుకున్నాడు.

మంద పెట్టినవాడికి గింజలు కొలిచి పంపడం మర్యాద. లింగం లోపలికి పోయి చాటతో బియ్యం తెచ్చాడు. చిన్నరాములు కండువా పట్టి, తెల్లగా మెరిసే ఆ బియ్యాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కొన్న బియ్యమా పటేలా? నీ చేన్లవి కావు కద. మర్యాదకు ఒక పిడికెడు చాలు."

పిడికెడు మూట కట్టుకుని మందను తోలుకుపోయాడు. లింగం చాటలోని మిగతా బియ్యం లోపల పోసి వచ్చాడు.

నైట్ షిఫ్టు దిగి వచ్చిన శ్రావణ్‌కు గేటు దగ్గరే మంద ఎదురైంది. గొర్లన్నీ దాటిపోయాక లోపలికి అడుగుపెట్టి, పెట్టిన అడుగు మళ్ళీ వెనక్కి తీశాడు.

"నాయినా! ఏంది గిది? లాన్ల గొర్లను కట్టేసినవా?"

"కట్టెయ్యలే. మంద పెట్టిన."

"చుట్టుపక్కలోళ్ళు ఏమనుకుంటరు?"

"ఎరువు అనుకుంటరు."

ఎదురింటి కమలాకుమారి అప్పటికే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వాళ్ళ గేటు దగ్గర నిలబడి ఉంది. భర్తకు ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగమని భీమవరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆవిడకు లింగం మీద గౌరవమే, వాసన మీదే లేదు.

"అన్నయ్యగారూ, ఇదెన్ని రోజులుంటుందండీ?" అని అడిగింది.

"నీళ్ళు పడితే పోతదమ్మా."

సాయంత్రానికి ఆవిడే ఒక ప్లాస్టిక్ బక్కెట్ పట్టుకుని వచ్చింది, గులాబీ కుండీల్లోకి నాలుగు పెంటికలు కావాలని. లింగం రాజవ్వ వైపు చూసి మీసం దువ్వుకున్నాడు.

హర్షిణికి రుద్రారం దగ్గర యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం. ఆ పొద్దున బస్సుకు పరిగెత్తుతూ ఒక్క క్షణం ఆగి, తాను పరిపించిన లాన్ ఉండాల్సిన చోటు చూసి, వెళ్ళిపోయింది. కొడుకు అరుపుల కంటే కోడలి ఆ ఒక్క చూపే లింగానికి ఎక్కువ గుచ్చుకుంది.

అతను పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పట్టాడు. బట్టలు ఉతికిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, ఏవీ వదలలేదు. హోలీ దాటేసరికి నేల మీద పచ్చదనం కనిపించింది. లింగం కిందికి వంగి చూశాడు. గడ్డి కాదు. రెండేసి ఆకులతో నిటారుగా నిలబడ్డ మొలకలు. మోకాళ్ళ మీద కూచుని ఇంకా దగ్గరగా చూశాడు. సర్కారు తుమ్మ. ఒకటి రెండు కాదు, పిడికెడు చోటులో పదేసి.

గొర్లు మేసింది తుమ్మకాయలే. ఆ గింజలు గొర్రె కడుపులో అరగవు, పెంటికలతో పాటు దిగుతాయి, నీళ్ళు పడితే మొలుస్తాయి. ఇది లింగానికి తెలియనిది కాదు. కానీ చేలో మంద పెట్టాక రైతు దున్నుతాడు. గింజలూ మొలకలూ నాగలి కింద పడి మట్టిలో కలిసిపోతాయి. అందుకే ఒక జీవితకాలం ఎవుసం చేసినా ఆ గింజల గురించి ఆలోచించే పని పడలేదు. లాన్‌ను దున్నరు. ఈ ఒక్క ముక్క అతనికి తట్టలేదు. దానికి ఎవరినీ అనడానికి లేదు, నర్సరీ అతన్ని అంతకన్నా లేదు.

వదిలేస్తే నెలలో ముళ్ళు వస్తాయి. మందు కొడితే గడ్డి కూడా చస్తుంది. ఇక మిగిలింది చేత్తో పీకడమే. లింగం పీట వేసుకుని కూచున్నాడు. తుమ్మ మొలకను పైకి లాగితే తెగి మళ్ళీ లేస్తుంది, మట్టిలోకి వేలు దింపి వేరుతో తియ్యాలి. తీసినకొద్దీ దాని పక్కన సన్నగా, పిరికిగా, అసలు గడ్డి కనబడసాగింది. అది చూసి అతనికి ప్రాణం లేచి వచ్చింది. ఆ తర్వాత నడుము పట్టేసినా కూచున్న చోటి నుంచి కదల్లేదు.

ఆదివారం పొద్దున హర్షిణి చీర కొంగు దోపుకుని వచ్చి ఎదురుగా కూచుంది.

"ఎట్ల తియ్యాలె మామా?"

చూపించాడు. ఇద్దరూ ఎదురెదురుగా పీకుతూ పోయారు. ఆమె చేయి చురుకైనదే, వేరు తెగకుండా తీస్తోంది. లింగానికి సంతోషమైంది. ఇంట్లో ఒకరు తన పనిలో చెయ్యి పెట్టి ఎన్నాళ్ళయిందో. ఆ సంతోషంలో అతను పాత సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు, ఏ మూల బావి ఉండేదో, ఎక్కడ చెరుకు గానుగ ఆడేదో. హర్షిణి వింటూ వింటూ చేతిలోని మొలకల్ని కింద పెట్టింది.

"మామా, ఒకటి చెప్త, కోపం చెయ్యకు."

"చెప్పు బిడ్డా."

"గింత కష్టం ఎందుకు చేస్తున్నవ్? ఆయన టైల్స్ ఆర్డర్ ఇచ్చేసిండు. శివరాత్రి కంటే ముందే ఇచ్చిండు. ఉగాది అయినంక లారీ వస్తది."

లింగం వేలు మట్టిలోనే ఉండిపోయింది.

"మరి ఉగాది దాక అని ఎందుకన్నడు?"

హర్షిణి తల వంచుకుంది. చెప్పకుండా ఉండాల్సిందని అనుకున్నట్టుంది, కానీ మొదలుపెట్టాక ఆపలేకపోయింది.

"లారీ వచ్చేదాక నాయినకు టైంపాస్ అయితది లే అన్నడు. నాకు మనసు ఒప్పుకుంటలేదు. రోజూ చూస్తున్న నిన్ను."

లింగానికి కోపం రాలేదు, సిగ్గేసింది. టైంపాస్ అంటే పటాన్‌చెరు బస్టాండులో పల్లీలు అమ్మేవాళ్ళు అరిచే మాట. మంద కోసం తిరగడం, కొన్న బియ్యం కొలిచి ఇవ్వబోవడం, కడిగిన నీళ్ళు మోయడం, ఇదంతా కొడుకు కళ్ళకు పొట్లంలో పల్లీల్లా కనబడిందన్నమాట. వీధిలో అందరి ముందూ బట్టలు లేకుండా నిలబడ్డట్టనిపించింది. హర్షిణి ఏదో అనబోతే వద్దని చెయ్యి ఊపి, ఆ వేలి కింది మొలకను వేరుతో సహా బయటికి తీశాడు.

రాజవ్వకు ఆ సంగతి మధ్యాహ్నానికి తెలిసింది.

"ఇగ ఇడిసిపెట్టు. ఎవని కోసం పీకుతున్నవ్?" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి, గొంతులో మాత్రం కసురే ఉంది.

"సగం పీకిన" అన్నాడు లింగం.

అతని దగ్గర ఉన్న జవాబు అంతే. కొడుకు మీద పంతమా అంటే పంతమూ కాదు. సగం కలుపు తీసిన చేను వదిలి ఇంటికి రావడం అతనికి చేతకాదు. శ్రావణ్‌తో ఒక్క మాట అనలేదు. అనొద్దని కోడలికి, భార్యకు గట్టిగా చెప్పాడు. శ్రావణ్ షిఫ్టులకు పోతూ వస్తూ, తండ్రి పీట మీద కూచుని కనబడితే, "మస్తు పని చేస్తున్నవ్ నాయినా" అని నవ్వుతూ లోపలికి పోయేవాడు. మంచివాడే. తండ్రిని నొప్పించడం ఇష్టం లేకనే అలా చేశాడు. లింగానికి అది కూడా తెలుసు, తెలిసినందువల్ల నొప్పి ఏమీ తగ్గలేదు.

తుమ్మ అయిపోయాక ఎర్రమట్టీ ఇసకా జల్లెడ పట్టి చల్లాడు. ఎండలు ముదిరిన కొద్దీ గడ్డి పరుగందుకుంది. మంద ఊరికే పోలేదు. ఉగాది నాటికి లాన్ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అల్లుకుని చిక్కగా, ముదురు పచ్చగా నిలిచింది. గేటు పక్కన ఒక మూల మాత్రం బోడిగా మిగిలింది, గొర్లు ఎక్కువసేపు నిలబడి నేలను గట్టిచేసిన చోటు.

పండగ పొద్దున కమలాకుమారి చిన్న గిన్నెలో వాళ్ళ పద్ధతి ఉగాది పచ్చడి తెచ్చింది, చెంచాతో తినేటట్టు చిక్కగా ఉంది. రాజవ్వ తమ పద్ధతిది గ్లాసులో పోసి ఇచ్చింది, తాగేటట్టు. ఇద్దరూ ఒకరి పచ్చడికి ఒకరు మొహమాటంగా తలలూపారు. కమలాకుమారి లాన్ వైపు చూసి మాత్రం మొహమాటం లేకుండా మెచ్చుకుంది.

"అన్నయ్యగారూ, ఈ వీధి మొత్తమ్మీద ఇంత పచ్చగా ఎవరింటి ముందూ లేదండీ."

లింగం నల్లాకు పైపు తగిలించి గడ్డి తడుపుతున్నాడు. ఆవిడ వెళ్ళేదాకా ఆగి లోపలికి కేక వేశాడు.

"శ్రావణ్! జెర బయటికి రా."

కొత్త బట్టల్లో వచ్చాడు శ్రావణ్.

"చెప్పులిడిసి ఇటు రా."

శ్రావణ్ నవ్వి, చెప్పులు విడిచి, తడి గడ్డి మీదికి వచ్చి నిలబడ్డాడు. కాళ్ళ కింద చల్లగా తగిలింది కాబోలు, చిన్నపిల్లవాడిలా వేళ్ళు ముడిచాడు.

"పచ్చగయిందా?"

"అయింది నాయినా."

"సరిగ్గ చూసి చెప్పు. పండుగ పూట మెప్పుకు చెప్పకు."

శ్రావణ్ ఈసారి నిజంగానే చూశాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, వంగి అరచేత్తో తడిమి, లేచాడు.

"మస్తయింది నాయినా. గింత మంచిగ అయితదని నేననుకోలే."

లింగం తల ఊపాడు. అతనికి కావలసింది అదే. అది వచ్చేసింది.

"ఇగ ఏసుకో నీ టైల్స్."

శ్రావణ్ ముఖం పాలిపోయింది. గుమ్మంలో నిలబడ్డ హర్షిణి వైపు చూశాడు. ఆమె కళ్ళు దించుకోలేదు.

"నాయినా, అది... ఆర్డర్ క్యాన్సల్ చేస్త. రేపే ఫోన్ చేస్త."

"వద్దు. పాపమని ఇడిసిపెట్టిన జాగ నాకొద్దు." లింగం గొంతు పెంచలేదు. "పంట వచ్చినంక చేను ఖాళీ చేసుడే గద. లారీ వచ్చే ముంగట నాకు చెప్పు. గడ్డిని చాపలు చాపలు కోసి లేపుత. ఎదురింటామెకు ఇస్తనని మొన్ననే చెప్పిన, జాగ చదును చేపిచ్చుకుంటున్నరు."

"నీకు మట్టి అంటే ఎంత పాణమో నాకు తెల్వదా నాయినా? నేనేదో..."

"తెలుసు" అన్నాడు లింగం. "ఒక్కటి మాత్రం యాది పెట్టుకో. నేను టైంపాస్ చెయ్యలే. ఎవుసం చేసిన."

ఆ మాట కొడుకుకే కాదు, లోపలున్న రాజవ్వకూ వినబడింది. లింగం నల్లా కట్టేసి, పైపు చుట్టి గోడకు తగిలించి, కాళ్ళు కడుక్కుని పచ్చడి తాగడానికి లోపలికి పోయాడు. శ్రావణ్ చాలాసేపటి దాకా చెప్పులు తొడుక్కోలేదు.